ఫోన్ కన్నుకీ పెదనాన్న చెవికీ మధ్య వైరు లాగిన కథ

మా పెదనాన్న తెనాలిలో ఉంటాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా 30 ఏళ్ల పైన చేసి రిటైరయ్యాడు, నీటికాసుల వల్ల చూపు కొంచెం కొంచెంగా పోతూ పోతూ ఆరేళ్ల కింద మొత్తం పోయింది. పోయినేడాది సంక్రాంతికి వెళ్లినప్పుడు నా ఫోన్ చేతిలోకి తీసుకుని వెనక కెమెరా గుంటని వేలితో తడుముతూ, "ఒరేయ్ అబ్బాయ్, దీనికి కన్నుంది, నాకు చెవులున్నాయి, మధ్యలో ఒక వైరు లాగలేవా?" అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఆండ్రాయిడ్ డెవలపర్ని, పగలంతా ఒక బిల్లింగ్ యాప్‌లో బటన్ల రంగులు మార్చే ఉద్యోగం. దాంతో ఆ మాట బాగా పట్టుకుంది. ఆ తర్వాత ఎనిమిది నెలల శనాదివారాలు, కెమెరా చూసిన బొమ్మని శబ్దంగా మార్చి వినిపించే యాప్ కట్టడానికే పోయాయి. ఏం చేశానో, ఎక్కడ దెబ్బతిన్నానో మొత్తం రాస్తున్నా, ఇలాంటిది కడదామనుకునే వాళ్లకి కొంత టైమైనా మిగుల్తుంది.

ఐడియా నాది కాదు, పెదనాన్నది కూడా కాదు. 1910ల్లోనే బర్మింగ్‌హామ్‌లో ఫోర్నియే డాల్బ్ అనే ఫిజిక్స్ ఆయన ఆప్టోఫోన్ అని ఒక మెషీన్ చేశాడు. సెలీనియం మీద వెలుతురు పడితే అది కరెంటుని ఎక్కువ పారనిస్తుంది కదా, ఆ గుణాన్ని పట్టుకుని అచ్చు అక్షరాల్ని స్వరాలుగా వినిపించాడు. మేరీ జేమ్సన్ అనే చూపులేని అమ్మాయి 1918లో దాంతో జనం ముందు చదివి చూపించింది. మొదట్లో నిమిషానికి ఒక్క మాట, సాధన చేసి చేసి తర్వాత 60 దాకా వెళ్లింది. ఆ తర్వాత 1992లో నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ రీసెర్చ్‌లో పనిచేసే పీటర్ మైయర్ పేపర్ రాశాడు, ఇప్పటికీ ఈ ఫీల్డ్‌లో అందరూ దాని మీదే నిలబడతారు. ఆయన సిస్టమ్ పేరు ది వాయిస్, ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో మధ్య మూడక్షరాలు పెద్దవిగా రాస్తాడు, చదివితే "ఓ ఐ సీ" అని వస్తుంది. దాని ఆండ్రాయిడ్ యాప్ కూడా ఎప్పట్నించో ఉంది, ఇది చదివేవాళ్లు ముందు అది వేసుకుని వినండి. నేను సొంతంగా కట్టింది ఎందుకంటే పెదనాన్న ఇంటికీ ఆయన ఓపికకీ తగ్గట్టు ప్రతి వారం మార్చుకోవాలి, అది వేరేవాళ్ల యాప్‌తో కుదరదు.

మైయర్ రూల్ చాలా సింపుల్. బొమ్మని ఎడమ నుంచి కుడికి ఒక సెకనులో ఊడ్చుకుంటూ పోవాలి. పైనున్న చుక్కలకి సన్నటి శృతి, కిందున్న వాటికి బొంగురు శృతి, ఎంత తెల్లగా ఉంటే అంత గట్టిగా. పెరట్లో దండెం తీగ అడ్డంగా ఉందనుకోండి, సెకను పొడుగునా ఒకటే శృతి. కరెంటు స్తంభం నిలువుగా ఉంటే హార్మోనియం మీద మోచెయ్యి ఆనించినట్టు అన్ని మెట్లూ ఒక్క క్షణం మోగి ఆగిపోతాయి. మేడ మెట్ల రెయిలింగ్ ఎడమ కింద నుంచి కుడి పైకి పోతే కింద నుంచి పైకి జారే గమకం. పెదనాన్న రామాలయం భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు, అందుకని ఈ రూల్ ఆయనకి రెండు నిమిషాల్లో ఎక్కేసింది, నాకే వారం పట్టింది.

కోడ్ సంగతికొస్తే కెమెరా వైపు నేను కెమెరాఎక్స్ అనే ఆండ్రాయిడ్ లైబ్రరీ వాడా. దాని ఇమేజ్ ఎనాలిసిస్ ఏమీ చెప్పకపోతే 640×480 ఫ్రేములిస్తుంది, మనకి కావల్సింది 64×64 కాబట్టి అదే చాలా ఎక్కువ. ఫ్రేము వైయూవీ ఫార్మాట్‌లో వస్తుంది, అందులో వై ప్లేన్ అంటే వెలుతురు మాత్రమే, రంగుల గొడవ లేదు, మనకి కావల్సింది అదే కాబట్టి కన్వర్షన్ కూడా అక్కర్లేదు, హమ్మయ్య అనుకున్నా. ఇక్కడే రెండ్రోజులు పోయాయి. మెమరీలో ఒక్కో వరస పొడుగు అన్ని ఫోన్లలో 640 ఉండదు, కొన్ని ఫోన్లు ప్రతి వరస చివర కాసిని ఖాళీ బైట్లు కలుపుతాయి, అందుకే రో స్ట్రైడ్ అని విడిగా చెప్తాయి. నా ఫోన్‌లో రెండూ ఒకటే కాబట్టి తెలీలేదు, పెదనాన్నకి కొన్న చవక ఫోన్‌లో బొమ్మ మొత్తం పేలికలు పేలికలుగా చీలిపోయింది. అసలు నవ్వొచ్చే విషయం ఏంటంటే అది చీలిందని నాకు వినిపించలేదు, ఎందుకంటే సరైన బొమ్మ కూడా కొత్తలో గోలలాగే ఉంటుంది. బగ్ ఉన్న గోలకీ బగ్ లేని గోలకీ తేడా పట్టే చెవి నాకు అప్పటికి రాలేదు.

దీనికి దొరికిన మందు ఏంటంటే, శబ్దాన్ని వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేసి ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూడ్డం. స్పెక్ట్రోగ్రామ్ అంటే అడ్డంగా టైము, నిలువుగా ఫ్రీక్వెన్సీ, అంటే మనం చేసిన పనికి సరిగ్గా రివర్స్, కోడ్ కరెక్టైతే కెమెరా ముందు పెట్టిన బొమ్మే మసకమసగ్గా స్క్రీన్ మీద మళ్లీ కనపడాలి. తెల్ల కాయితం మీద నల్ల స్కెచ్‌తో 'అ' రాసి కెమెరా ముందు పెట్టా, స్పెక్ట్రోగ్రామ్‌లో 'అ' పక్కకి పడుకుని కనిపించింది. సెన్సార్ ఫోన్‌లో అడ్డంగా బిగించి ఉంటుంది, 90 డిగ్రీలు తిప్పుకోవాలి అని అప్పుడు గుర్తొచ్చింది. ఈ స్పెక్ట్రోగ్రామ్ చెక్ మొదటి రోజే చేసుండాల్సింది.

శబ్దం వైపు 64 వరసలకి 64 సైన్ వేవ్‌లు, అంటే వరసకో శృతి, 500 హెర్ట్జ్ నుంచి 5000 దాకా. సెకనుకి 48,000 శాంపిళ్లు (శబ్దం తాలూకు చిన్న చిన్న ముక్కలు), 64 నిలువు పట్టీలు అంటే ఒక్కో పట్టీకి 750 శాంపిళ్లు, దాదాపు 15.6 మిల్లీసెకన్లు. మొత్తం సెకనుకి 30 లక్షల చిల్లర సైన్ విలువలు లెక్కేయాలి, ప్రతిసారీ సైన్ ఫంక్షన్ పిలిస్తే చవక ఫోన్ వేడెక్కిపోయింది. వెనకటి రెండు శాంపిళ్ల నుంచి తర్వాతది ఒక్క గుణకారం, ఒక్క తీసివేతతో వచ్చే పాత ఫార్ములా ఒకటుంది, అది పెట్టాక చల్లబడింది. ఆడియో థ్రెడ్‌లో కొత్త ఆబ్జెక్ట్ ఒక్కటి కూడా పుట్టించకూడదు, వాడేసిన మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ లేచిందంటే సౌండ్ తెగుతుంది. ఇంకోటి, 64 తరంగాల్నీ సున్నా దగ్గర ఒకేసారి మొదలెట్టా, స్తంభం వచ్చినప్పుడల్లా అన్నీ కలిసి ఎగిసి చెవిలో టపాకాయ పేలినట్టు ఠాప్ మనేది. ఒక్కోదాన్ని ఒక్కో చోట, చీట్లేసినట్టు ర్యాండమ్‌గా మొదలెడితే ఆ సమస్య పోయింది. పట్టీకీ పట్టీకీ మధ్య వాల్యూమ్ టక్కున మారకుండా వాలుగా మారిస్తే టిక్ టిక్‌లు పోయాయి.

ఇక తెనాలి ట్రిప్. హాల్లో కూర్చోబెట్టి ఇయర్‌ఫోన్స్ ఇచ్చి ఆన్ చేశా. పెదనాన్న రెండు సెకన్లు విని ఇయర్‌ఫోన్ పీకేసి, "కందిరీగల తుట్టె కదిపావేందిరా" అన్నాడు. కారణం చూస్తే ఇల్లే. గోడలు తెల్ల సున్నం, కింద చుక్కలచుక్కల మొజాయిక్. గోడ తెలుపు కాబట్టి మొత్తం మోగుతుంది, మొజాయిక్‌లో ప్రతి చుక్కా తనూ ఉన్నానంటుంది. తలుపులు మాత్రం పాతకాలం టేకు, ముదురు రంగు, అవి ఆ గోలలో నిశ్శబ్దంగా ఉన్నాయి. మనిషికి కావల్సింది తలుపు, మోగుతున్నదేమో గోడ. అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తెరిచి తెలుపు నలుపుల్ని తిరగేశా, నలుపు గట్టిగా, తెలుపు మౌనం. సన్నటి చుక్కలు కరిగిపోయేలా ముందు కాస్త బ్లర్ కొట్టా. అంతే, ఇల్లంతా సద్దుమణిగి సెకను మధ్యలో ఎక్కడో గుమ్మం ఒక్కటి "హూఁ" మంది. పెదనాన్న చెయ్యి చాచి సరిగ్గా అటే చూపించాడు. పెద్దమ్మ వంటింట్లోంచి చూసి ఏమీ అనలేదు గానీ కాఫీ ఇంకో గ్లాసు ఇచ్చింది.

ఆ సాయంత్రం ఇంకోటి బయటపడింది, ఇది నేనొక్కణ్ణే అయితే ఎప్పటికీ పట్టేవాణ్ణి కాదు. పెదనాన్న మళ్లీ తెలుపు మోడ్ పెట్టించుకుని ఫోన్ ట్యూబ్‌లైట్ వెలుగుతున్న గోడ వైపు పట్టుకుని స్విచ్ ఆపమన్నాడు. ఆపా. శబ్దం తగ్గి, ఒకటిన్నర సెకన్లో మళ్లీ పెరిగి దాదాపు మామూలైపోయింది. "లైటు తీసేశాం కదరా, మోత అంతే ఉందేంది? బైపాస్ ఎక్కడో ఉంది చూడు" అన్నాడు. నిజంగానే బైపాస్. కెమెరా ఆటో ఎక్స్‌పోజర్. చీకటైందని అది తనంతట తనే ఎక్కువ వెలుతురు లాక్కుంటుంది, ఫొటో తీసేవాడికి అది వరం, కానీ మనకి వెలుతురే వాల్యూమ్ కదా, వెనక ఎవడో వాల్యూమ్ నాబ్ తిప్పుతూ కూర్చున్నట్టు. ఎక్స్‌పోజర్ లాక్ వేస్తే సరిపోయింది, కాకపోతే ఎప్పుడు లాక్ చేయాలన్నది ఇంకో తలనొప్పి, ఎండలో లాక్ చేసి ఇంట్లోకొస్తే అంతా చీకటి. చివరికి లైటు చూసే మోడ్‌లో గట్టిగా లాక్, మిగతా మోడ్‌లో ఒక్కో స్కాన్ మొదలయ్యే ముందు సర్దుకుని స్కాన్ అయ్యేదాకా లాక్ అని పెట్టా. స్కాన్ మొదట్లో తీసిన ఒక్క ఫ్రేమునే సెకను మొత్తం చదవాలి అన్నది కూడా అప్పుడే తెలిసింది, మొదట్లో ఒక్కో పట్టీకీ తాజా ఫ్రేము తీసుకునేవాణ్ణి, చెయ్యి కొంచెం కదిలితే స్తంభం వంకరపోయేది.

తర్వాత నెల మొత్తం తిన్న విషయం ఒకటి చెప్తా, లెక్కలు పడనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. 500 నుంచి 5000 దాకా సంగీతంలోలాగా నిష్పత్తిలో 64 మెట్లు పెడితే కింద మొదటి రెండు మెట్ల మధ్య తేడా 19 హెర్ట్జ్ కూడా ఉండదు. ఒక్కో పట్టీ ఉండేది 15.6 మిల్లీసెకన్లు, అంత తక్కువ టైములో 64 హెర్ట్జ్ కంటే దగ్గరగా ఉన్న రెండు శృతుల్ని విడదీయడం ఎవరి చెవికైనా, ఏ మెషీన్‌కైనా కష్టం, అది శబ్దం స్వభావమే, కోడ్ మార్చి గెలిచేది కాదు. అంటే బొమ్మ కింది భాగంలో 64 వరసలు పేరుకే, వినపడేవి గుప్పెడు. వరసలు పెంచితే పట్టీలు తగ్గించాలి, లేదా సెకనుని రెండు సెకన్లు చేయాలి, రెండు సెకన్లంటే పెదనాన్నకి విసుగు. నేను 32 వరసలు, 40 పట్టీల దగ్గర ఆగా.

అప్పుడు పెదనాన్న, ఎటూ మెట్లు తగ్గిస్తున్నావు కదా, ఉన్నవాటిని మోహనలో పెట్టరాదా, వినబుద్ధేస్తుంది అన్నాడు. ఐదు స్వరాల రాగం, 500 నుంచి 5000 అంటే మూడు స్థాయిలు దాటుతుంది కాబట్టి ఓ 17 మెట్లొస్తాయి. జెరూసలేంలో హీబ్రూ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఐమ్యూజిక్ అనే దాంట్లో కూడా ఇలాగే ఐదు స్వరాల స్కేల్ వాడారు, రంగుకో వాయిద్యం కూడా పెట్టారు. మాది ఒక్క వాయిద్యమే. పెట్టి వింటే నిజంగా బ్రహ్మాండంగా ఉంది, పెరడు మొత్తం మోహన ఆలాపన. రెండు వారాలు అదే మోడ్‌లో మురిసిపోయాం. తర్వాత తెలిసింది, కింద స్టూలూ పైన గోడ గడియారమూ సరిగ్గా స్థాయి తేడాలో పడితే కింది సా, పై సా కలిసిపోయి ఒక్కటే వస్తువులా వినిపిస్తున్నాయని. సంగీతంలో ఏ గుణం కోసం తపిస్తామో, శృతిలో కలిసిపోవడం, అదే ఇక్కడ మోసం. పెదనాన్న కాసేపు ఆలోచించి, "అపశృతే కావాలన్నమాట మనకి" అన్నాడు. మోహన మోడ్ తీసేయలేదు, సెట్టింగ్స్‌లో కింద ఉంది, ఆయన భజన లేని శనివారాలు పెట్టుకుంటాడు.

రెండో టెస్టర్ మా ఫ్రెండ్ వాళ్ల చెల్లెలు, పుట్టుకతోనే చూపు లేదు, హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఫోన్ వాడకంలో ఆ అమ్మాయి స్పీడ్ ముందు నేను నిలబడలేను. ప్లాస్టిక్ బకెట్‌ని నేల మీద దగ్గర పెట్టి వినిపించా, తర్వాత దూరం జరిపా. "అన్నా, బకెట్ నేల మీదే కదా ఉంది, శృతి పైకెందుకు పోయింది? చిన్నదెందుకైంది?" అంది. పెదనాన్న ఎప్పుడూ అడగని ప్రశ్న ఇది, ఆయనకి 60 ఏళ్లు చూసిన అలవాటు. నేల మీద దూరంగా ఉన్న వస్తువు బొమ్మలో పైకి జరుగుతుంది, చిన్నదవుతుంది అని చూసేవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. చేత్తో తడిమి లోకాన్ని తెలుసుకున్న మనిషికి బకెట్ ఎంత దూరమున్నా బకెట్ సైజే. నీడల దగ్గర కూడా ఇంతే, చెట్టు నీడ నల్లగా గట్టిగా మోగితే అక్కడ తగిలేది ఏదో ఉందనుకుంది. నేను రాసుకున్న ట్యుటోరియల్ మొత్తం చూపున్నవాడి బుర్రలోంచి వచ్చిందే, పక్కన పడేసి బకెట్‌తోనే మొదలుపెట్టి మళ్లీ రాశా.

ఆ అమ్మాయే ఇంకో బగ్ కూడా పట్టింది. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకున్నంతసేపు వినిపించాలి అని నేను పెట్టుకున్నా. స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే వేలి స్పర్శ ముందు దానికే వెళ్తుంది, నా యాప్ దాకా రాదు. నేను టాక్‌బ్యాక్ ఆపేసి టెస్ట్ చేశానని ఇక్కడ సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా. వాల్యూమ్ డౌన్ బటన్‌కి మార్చా, నొక్కి పట్టుకుంటే ఒక స్కాన్, వదిలితే మౌనం.

అసలు ఈ నొక్కి పట్టుకోవడం ఎందుకొచ్చిందో చెప్పలేదు. మొదట్లో యాప్ ఆన్ చేస్తే ఆపకుండా సెకనుకొకసారి ఊడుస్తూనే ఉండేది, అందరూ అలాగే చేస్తారు కదా అని. పెదనాన్న ఒకరోజు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కర్ర పట్టుకుని గేటు దాటాడు, స్తంభాల్ని లెక్కపెడదామని. వెనకనుంచి బైక్ వచ్చింది, హారన్ కొట్టాడంట, ఈయనకి వినపడలేదు. వాడు బ్రేకేసి పక్కకి తిప్పాడు, ఏమీ కాలేదు. కానీ పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "కళ్లెటూ లేవు, ఉన్న చెవులు కూడా మూసేస్తావా రా?" అంది. నేను ఏమీ మాట్లాడలేకపోయా.

తర్వాతి వారం వెళ్లి పెదనాన్నతో పాటు వీధి చివరిదాకా నడిచా, యాప్ లేకుండా. నడుస్తూ ఆయనే చెప్పాడు. కర్ర చప్పుడు గోడ పక్కన ఒకలా ఉంటుంది, సందు రాగానే డొల్లగా అయిపోతుంది, అక్కడ కుడికి తిరగాలి. పిండిమర మోత ఎడమ చెవిలోకొస్తే సగం దూరమైనట్టు. ఆగి ఉన్న ఆటో పక్కనుంచి వెళ్తుంటే గాలి చప్పుడు తెగుతుంది. నేనేమో ఆ చెవుల్ని ఖాళీగా ఉన్న పోర్టు అనుకున్నా, ఖాళీగా ఉంది కదా డేటా పోద్దాం అని. అది ఖాళీ కాదు, ఇంట్లో అందరికంటే ఎక్కువ లోడ్ మోస్తున్న లైను అదే. అదే రాత్రి కంటిన్యూయస్ మోడ్ కోడ్ మొత్తం డిలీట్ చేశా, సెట్టింగ్‌లో దాచి పెట్టలేదు, పూర్తిగా డిలీట్. ఇయర్‌ఫోన్స్ బదులు చెవి మూయకుండా చెవి ముందు చెంప ఎముక మీద ఆని, ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ కండక్షన్ హెడ్‌సెట్ కొన్నాం. బ్లూటూత్ కాబట్టి కొంచెం లేటుగా వినిపిస్తుంది, అడిగినప్పుడే ఒక్క స్కాన్ కాబట్టి ఆ లేటు ఇబ్బంది అనిపించలేదు. యాప్ తెరవగానే "నడిచేటప్పుడు వాడొద్దు, ఆగి వినండి" అని తెలుగులో చెప్తుంది, కర్ర పని దీనితో కాదు.

ఇప్పుడు పెదనాన్న దీన్ని రోజుకి పది పదిహేను సార్లు నొక్కుతాడేమో. తలుపు తీసుందా వేసుందా, దండెం మీద బట్టలున్నాయా, ప్లేట్లో ఇడ్లీ ఏ మూలుంది (స్టీలు ప్లేటు మెరుపుకి ఇది సగంసార్లు తప్పే, చేత్తో తడుముకోవడమే సుఖం), మనిషెవరైనా గుమ్మంలో నిలబడ్డారా. మొహాలు తెలీవు, అక్షరాలు చదవదు, దానికి సీయింగ్ ఏఐ లాంటి వేరే యాప్‌లు ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ వాడేది మాత్రం లైటు మోడ్, లైన్‌మన్ కదా, ఎవరైనా లైటు వేసి వదిలేస్తే ఆయనకి నిద్ర పట్టదు.

మొన్న రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. "వరండా లైటు వెలుగుతోందని నీ యాప్ అంటోంది, మీ పెద్దమ్మేమో తీసేశానంటోంది, ఎవరి మాట నమ్మమంటావు?" అన్నాడు. వీడియో కాల్‌లో చూపించమన్నా. వరండా చీకటే, లైటు లేదు. గ్రిల్ అవతల, గేటు పక్కన స్తంభం మీద వీధిలైటు వెలుగుతోంది.

"అది వీధిలైటు పెదనాన్నా" అన్నా.

"అవునా, బాగుచేశారా?" అన్నాడు. "వెలగట్లేదని నాలుగు రోజుల్నించీ వీధిలో అందరూ అనుకుంటుంటే విన్నా."